తాళం వేసినట్టు రాసిన గురువారం

ఏడేళ్లుగా ఒక విషయం మోస్తున్నాను. అమ్మకు చెప్పలేదు. పెళ్లయ్యాక భార్యకు చెప్పలేదు. మబేలాలో ఒకే గదిలో పక్కపక్కన పడుకున్న స్నేహితులకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. పేరు లేకుండా మొత్తం చెప్పడానికి ఇదొక్కటే వీలైన మార్గంలా ఉంది. ఇందులో పిరికితనం ఉందని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను.

నా వల్ల ఒక మనిషి దొంగ అయ్యాడు. ఆయన ఏమీ దొంగిలించలేదు.

ఎనభైల చివర్లో, పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి ఒమాన్ వచ్చాను. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. బర్కా దగ్గర ఒక పెద్ద ఖర్జూరం తోట. నీళ్ల పంపులు, ఇంజన్లు, సామాను గది నా బాధ్యత. యజమానిని మేమంతా అర్బాబ్ అనేవాళ్లం. తోట చివర మేకలు, కోళ్లు ఉండేవి. వాటి కోసం నక్కలు వచ్చేవి, పండ్ల మీదికి కాకులు గుంపులుగా దిగేవి. వాటిని కాల్చడానికి అర్బాబ్ బావమరిది అమెరికా నుంచి మూడు ఇనుప స్టాండ్లు పంపించాడు. అక్కడ జింకల వేటగాళ్లు చెట్టుకు కట్టుకుని కూర్చునే రకం. నిచ్చెన, పైన చిన్న సీటు, చుట్టూ కడ్డీ. చెట్టు మొదలుకు రెండు పట్టీలతో బిగిస్తారు. అంతే. పట్టీలు ఎవరైనా విప్పొచ్చు.

నేను చేరిన రెండో నెలలో ఒకటి పోయింది. ఎవరు తీసుకుపోయారో తెలియలేదు. దొంగను పట్టుకోమని కాదు, ఇంకొకటి పోకుండా చూడమని అర్బాబ్ నాకు చెప్పాడు. నాకు ఇలాంటి పని అంటే ఇష్టం. ఒక కాగితం తీసుకుని రాశాను. ఒకటి, కాళ్ల లోపలి వైపు వెల్డింగ్‌తో నంబరు వేయాలి. రెండు, నిచ్చెన కింది ముక్క విప్పి సామాను గదిలో పెట్టాలి. మూడు, నిచ్చెన మెట్ల మధ్యనుంచి చెట్టు చుట్టూ గొలుసు తిప్పి తాళం వేయాలి. నాలుగు, తాళానికి రెండే చెవులు, ఒకటి నా దగ్గర, ఒకటి కాపలా మనిషి దగ్గర. ఐదు, రోజూ సాయంత్రం ఐదు గంటలకు తాళం లాగి చూసి రిజిస్టర్లో టిక్కు పెట్టి సంతకం చేయాలి.

ఐదో నియమం నాకు అన్నిటికంటే నచ్చింది.

కాపలా మనిషి గంగారాం. నిజామాబాద్ జిల్లా, ఆర్మూరు వైపు ఊరు. నలభై దాటిన మనిషి, ఆ తోటలో అప్పటికి ఎనిమిదేళ్లుగా ఉన్నాడు. నేను గంగన్నా అనేవాణ్ని. వయసులో అంత పెద్దవాడైనా ఆయన నన్ను సారు అనేవాడు. స్టాండ్ అనే మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. ఇనుప మంచె అనేవాడు. జొన్నచేనులో మంచె మీద కూర్చుని పిట్టల్ని తోలిన మనిషికి అది మంచె కాక ఇంకేమవుతుంది? నా రిజిస్టర్ చూసి నవ్వేవాడు.

“గిదేంది సారు, చెట్టుకు గూడ హాజరేస్తున్రా? రేపు అది జ్వరమొచ్చిందని సుట్టి అడుగుతది జూడుండ్రి.”

ఒక స్టాండ్ కట్టిన పెద్ద చెట్టును అక్కడివాళ్లు గాఫ్ అంటారు. దాని ఆకు తుంచి నా చేతిలో పెట్టి “మన జమ్మే సారు ఇది” అని చెప్పింది గంగారామే. ఆ మాట నేను సెలవు రోజుల్లో వెళ్లే మబేలా ఊరి గదిలో స్నేహితులకు చెప్పాను. అక్కడ సగం మంది తెలంగాణవాళ్లు. దసరా దగ్గరపడుతోంది. జమ్మి ఆకు చేతిలో పెట్టి బంగారమని చెప్పుకోకపోతే వాళ్లకు అది దసరా కాదు. ఈసారి బంగారం నేను తెస్తానని మాటిచ్చాను. నలుగురిలో గొప్ప అనిపించుకోవాలన్న సరదా. అంతకు మించి ఏమీ లేదు.

ఆ ఏడు దసరా శుక్రవారం పడింది. గురువారం మధ్యాహ్నం మూడింటికి కూరగాయల వ్యాను మబేలా వైపు వెళుతుంది, అందులో వెళ్లి శనివారం పొద్దున దాంట్లోనే రావాలని నా ఏర్పాటు. భోజనం కాగానే ఒంటిగంటకు వెళ్లి రెండు స్టాండ్లూ చూశాను. తాళాలు చేత్తో లాగి చూశాను. పడి ఉన్నాయి. గదికి వచ్చి రిజిస్టర్ తీసి, ఐదు గంటల గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాను. నాలుగు గంటల తేడాయే కదా అనుకున్నాను. నేను లేని రోజుల్లో గంగారాం చూసి వచ్చి చెబితే, మర్నాడు ఆయన తరఫున నేను టిక్కు పెట్టడం అలవాటు. ఆయనకు రాయడం రాదు. ఆ రోజు మాత్రం ఆయనతో, “గంగన్నా, నేను చూసేశాను, సాయంత్రం నువ్వు పోనక్కర్లేదు,” అన్నాను. ఆయనకు అంత దూరం నడక తప్పించానని కూడా అనుకున్నాను.

రెండున్నరకు జమ్మి గుర్తొచ్చింది.

నిచ్చెన కింది ముక్క తీసుకుని పరిగెత్తాను. ముక్క బిగించాలంటే గొలుసు తీయాలి. తాళం తీశాను. ఎక్కి, చేతికందిన కొమ్మలు తుంచి సంచిలో కుక్కాను. అంతలో వ్యాను హారన్. అది ఆగకుండా మోగుతూనే ఉంది. దిగాను. కింది ముక్క చెట్టుకు ఆనించాను. గొలుసు... గొలుసు గురించి ఎంత గుర్తు చేసుకున్నా నా చేతులు దాన్ని ముట్టుకున్నట్టు లేదు. సంచి భుజాన వేసుకుని పరిగెత్తాను.

శుక్రవారం పొద్దున మబేలా గదిలో పేపరు పరిచి సంచి బోర్లించాను. ఆకులతో పాటు తాళం పడింది.

అది పేపరు మీద పడిన చప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. అందరూ ఆకుల మీదికి వంగి ఉన్నారు. ఒకరి చేతిలో ఒకరు జమ్మి పెట్టుకుంటున్నారు, చిన్నవాళ్లు పెద్దవాళ్ల కాళ్లకు మొక్కుతున్నారు. అసలు బంగారం తెచ్చావురా అని ఎవరో నన్ను కౌగిలించుకున్నారు. నేను తాళం జేబులో వేసుకున్నాను. టాక్సీ పట్టుకుంటే గంటలోపు తోటలో ఉంటాను. ఈ లెక్క అప్పుడే వేశాను. ఆ మధ్యాహ్నం మాంసం వండుతున్నారు. ఒక్క రోజులో ఏమవుతుంది? అలా అనుకుని ఆగిపోయానా, లేక అసలు ఏమీ అనుకోకుండానే ఆగిపోయానా? ఇన్నేళ్ల తర్వాత ఆ ప్రశ్నకు నాకు అనుకూలమైన జవాబే దొరుకుతుంది. అందుకే ఏ జవాబునూ నమ్మను.

శనివారం పొద్దున వ్యాను దిగేసరికి చెట్టు కింద మనుషులు గుమిగూడి ఉన్నారు. స్టాండ్ లేదు. నేను ఆనించిన కింది ముక్క కూడా లేదు. గొలుసు మాత్రం నేలమీద పడి ఉంది. ఒక్క లంకె తెగలేదు. శుక్రవారం సాయంత్రం గంగారాం చూసేసరికే లేదట, అందరూ నమాజుకు వెళ్లిన సమయంలో జరిగి ఉంటుందని అంటున్నారు.

అర్బాబ్ చెడ్డవాడు కాదు. అరవలేదు. తాళం వేశావా అని హిందీలో నన్ను అడిగాడు.

 సామాను గదికి వెళ్లి రిజిస్టర్ తెచ్చి ఆ పేజీ తీసి చూపించాను. గురువారం, ఐదు గంటలు, టిక్కు, సంతకం. ఆయన ఆ గడి మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత గంగారాంని అడిగాడు. “సారు జూసిండు. నన్ను వద్దన్నడు. నేను పోలే,” అన్నాడు గంగారాం. ఐదు గంటలకు తాళం ఉంది. గొలుసు తెగలేదు. సామాను గదిలో ఉండాల్సిన కింది ముక్క కూడా పోయింది. అంటే చెవి ఉన్నవాడే తీశాడు. చెవులు రెండు. ఒకటి మబేలాకు వెళ్లింది. అర్బాబ్ ఇంత వివరంగా చెప్పలేదు, కానీ ఆ లెక్క ఆయన ముఖంలో కనబడింది. ఎక్కడా తప్పు దొరకని లెక్క అది. ఆ పద్ధతి తయారు చేసింది నేనే.

తాళం అప్పుడు నా ప్యాంటు జేబులోనే ఉంది.

ఎందుకు తీసి చూపించలేదు? పోయేది ఉద్యోగమేనా? అదీ ఉంది. కానీ నిజంగా ఆపింది అది కాదనుకుంటాను. ఐదు గంటల గడిలో ఒంటిగంటకు టిక్కు పెట్టే మనిషినని బయటపడటం. నన్ను అందరూ లెక్క తప్పని కుర్రాడని అనేవాళ్లు. ఆ ఒక్క మాటను కాపాడుకోవడానికి ఇంకొకరి బతుకు ఇచ్చేశాను. ఇస్తున్నానని ఆ క్షణంలో తెలుసా? తెలుసు. ఇవాళ కాకపోతే రేపు చెబుతాను అని మాత్రం అనుకున్నాను. అలా తొమ్మిది రోజులు అనుకున్నాను.

పదో రోజు గంగారాంని పంపించేశారు. పోలీసుల దాకా తీసుకెళ్లకపోవడమే దయ అన్నాడు అర్బాబ్. వీసా రద్దు చేసి టిక్కెట్టు చేతిలో పెట్టారు. పొద్దున వ్యాను దగ్గర రేకు పెట్టె పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి దగ్గరికి వచ్చాడు. ఆ మాటలు ఒక్క అక్షరం మర్చిపోలేదు.

“సారు, ఒక్కటడుగుత. కోపం జెయ్యకుండ్రి.”

“అడుగు గంగన్నా.”

“గా దినం తాళం పడ్డదా లేదా అని మీరు చేత్తోని గుంజి జూసిన్రా?”

ఒంటిగంటకు గుంజి చూసిన మాట నిజమే. ఆ నిజం వెనక నిలబడి, “రిజిస్టర్లో రాశాను కదా,” అన్నాను.

ఆయన తల ఊపాడు. “అంతే మల్ల. మీరు రాసిన్రంటె అది తప్పు గాదు. చెవి మొలతాడుకు గట్టుకుంట. తానం జేస్తప్పుడు ఇప్పి గోడ మీద వెడ్త. గప్పుడెవడో తీస్కపోయి మల్ల వెట్టినట్టున్నడు. నేనైతె దొంగతనం జెయ్యలే సారు. గని నా చెవితోనే అయ్యింటది. నాదే లాపర్వాయి.”

నేను ఆయన రేకు పెట్టె అందుకుని వ్యానులో పెట్టాను.

“అర్బాబ్‌కు ఒక్క మాట జెప్పుండ్రి. గంగారాం దొంగ గాదు, లాపర్వాయి మనిషని. మీరు జెప్తె ఇంటడు.”

చెబుతానన్నాను. చెప్పలేదు.

ఆయన నన్ను అనుమానించి ఉంటే నాకు ఇంత బరువుగా ఉండేది కాదేమో. తిట్టి వెళ్లినా బాగుండేది. నేను పెట్టిన టిక్కు మీద నమ్మకంతో ఆయన తన మీద తనే నేరం మోపుకున్నాడు. ఆ సాయంత్రం తాళాన్ని తోటలోని పాడుబడ్డ బావిలో పడేశాను. రిజిస్టర్లో “తాళం ఒకటి, స్టాండ్‌తో పాటు పోయింది” అని రాసి సంతకం చేశాను.

ఆ తర్వాత మిగిలిన ఒక్క స్టాండ్ పోలేదు. నేనక్కడున్న ఇంకో రెండేళ్లూ పోలేదు. గంగారాం వెళ్లాక దొంగతనాలు ఆగాయని, అంటే చేసింది అతనేనని అందరూ అనుకున్నారు. పక్క తోటలవాళ్లు నా ఐదు నియమాలు రాసివ్వమని అడిగారు. మూడు తోటలకు రాసిచ్చాను. ఐదో దానికి ఒక వాక్యం చేర్చాను. ఇద్దరు మనుషులు విడివిడిగా చూడాలి, చూసిన సమయమే రాయాలి. మంచి ఆలోచన అని అర్బాబ్ నా వీపు తట్టాడు. ఆ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో ఆయన అడగలేదు.

తర్వాత ఒమాన్‌లోనే దూరంగా ఇబ్రి అనే ఊళ్లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో చేరాను. మిషన్లు, సామాను, రిజిస్టర్లు. అదే పని. దూరం వచ్చాను కదా, ఇక అయిపోయిందనుకున్నాను. పోయిన నెల మా సైట్‌కు కొత్తగా ఒక తాపీమేస్త్రీ వచ్చాడు. ఆర్మూరు వైపు ఊరని తెలిసి, ఆగలేక గంగారాం పేరెత్తాను.

“ఎవరు, మంచె గంగారామా?” అని నవ్వాడు. “మస్కట్ల ఇనుప మంచె ఎత్కపోయిండు గదా సారు. మా ఊర్ల అందరు గట్లనే పిలుస్తరు. పొలగాండ్లు సుత.”

ఇప్పుడేం చేస్తున్నాడని అడిగాను. కూలికి వెళ్తాడట. ఎవరి ఇంట్లో ఏ వస్తువు కనిపించకపోయినా ముందు ఆయన వైపే చూస్తారట. ఎవరూ పొలం కాపలాకు పిలవరట. “మీరూ గా తోటల్నే ఉంటిరా? నిజంగనే తీసిండా సారు?” అని అడిగాడు మేస్త్రీ.

“నాకు తెలియదు,” అన్నాను.

ఏడేళ్ల తర్వాత కూడా! అప్పుడు కనీసం కుర్రవాణ్నని చెప్పుకోవచ్చు. ఇప్పుడు ఏం చెప్పుకోను? ఆ మాట నోట్లోంచి వచ్చిన వేగం చూసి నాకే భయమేసింది.

మూడు వారాలు పట్టింది. నిన్న మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు మేస్త్రీ పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. రిజిస్టరు, జమ్మి, సంచి, తాళం, బావి. ఆయన తినడం ఆపేశాడు. నా వైపు చూడలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, “నాకెందుకు జెప్తున్రు సారు? ఆయినకు జెప్పాలె,” అని పనిలోకి వెళ్లిపోయాడు. ఇవాళ పొద్దున ఎదురుపడితే నాకు దండం పెట్టలేదు. రోజూ పెట్టేవాడు.

ఆయన చెప్పింది నిజమే. మేస్త్రీ వచ్చే నెల ఊరెళ్తున్నాడు. ఇదంతా ఇంకో కాగితం మీద, నా పేరుతో, తేదీతో, జరిగింది జరిగినట్టు రాశాను. పదిమందిలో గట్టిగా చదివించమని ఆయన చేతికి ఇవ్వాలి. తీసుకుంటాడో లేదో తెలియదు. తీసుకున్నా ఊరు నమ్ముతుందో లేదో తెలియదు. గంగారాం నా గురించి ఏమనుకుంటాడో ఊహించే హక్కు నాకు లేదు. ఏడేళ్లను ఏ కాగితమూ వెనక్కి తేదు.

తాళం తీసింది నేను. వేయనిది నేను. వేసినట్టు రాసింది నేను. గంగారాం దొంగ కాదు, అజాగ్రత్త మనిషి కూడా కాదు. ఈ నాలుగు వాక్యాలు ఇంతకాలం ఒక్కసారి కూడా వరసగా రాయలేకపోయాను. ఇప్పుడు రాశాను.