నడిమికి కోసిన రెక్క

తొంభైల్లో ఒక పొద్దున సిద్దిపేట బస్టాండులో ఒకాయన పొడుగాటి మూట నా పక్కన ఆనించాడు. "గాలిల ఎగిరే రెక్క తమ్మీ, నేనే చేసిన. ఇయ్యాల అక్కన్నపేట దిక్కు గుట్ట మీదికెల్లి దుంకుత."

నాకు స్టూలెక్కితేనే కళ్లు తిరుగుతాయి. "బస్సెక్కుతదా అన్నా?"

"పోయినసారి పొడుగున్నదని కండక్టరు ఎక్కనియ్యలే. అందుకే నడిమి పైపు రెండు తుంటలు జేసి బోల్టు పెట్టిన. బరువు గూడ తక్కువనే, లేపి చూడు."

లేపాను. అతుకు టకటకమంది.

"అన్నా, గిది ఊగుతున్నది!"

నవ్వుతూ ఆయనా ఊపి చూశాడు. నవ్వు ఆగింది. అంతలో మా ఇద్దరూ ఎక్కాల్సిన బస్సొచ్చింది.

"నువ్వు పో తమ్మీ, నేను ఎన్క బస్సుకొస్త."

కిటికీలోంచి చూస్తే, పానా తీసి బోల్టు బిగిస్తున్నాడు. తర్వాతి బస్సు అరగంటకే ఉంది.

ఆయన దూకాడో లేదో నాకు తెలియదు. ఇప్పటికీ ఆ గుట్ట పక్కనుంచి పోతే పైకి చూడను. కిందికి అసలే చూడను.