సూర్యనాడి ఆడేదాకా

బాపట్లలో ఒక ఆయుర్వేద వైద్యుడి దగ్గర అజీర్తికి మందు తెచ్చుకునేవాణ్ణి. చూర్ణంతో పాటు ఆయన స్వరశాస్త్రం కూడా నేర్పాడు. ఎడమ ముక్కులో ఆడే ఊపిరి చంద్రనాడి, కుడి ముక్కులోది సూర్యనాడి. ఏ పని ఏ నాడిలో మొదలుపెట్టాలో తెలిసినవాడికి రోగమూ ఉండదు, ఓటమీ ఉండదు. అజీర్తి తగ్గలేదు గానీ శాస్త్రం నన్ను పట్టుకుంది. రేపల్లెలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఫైలు విప్పే ముందు కూడా ముక్కు కింద వేలు పెట్టి చూసుకునేవాణ్ణి. అదే సాధన అనుకున్నాను.

పంతొమ్మిదివందల అరవైల చివర్లో ఒక ఉదయం నా భార్యకు పొత్తికడుపులో కుడివైపు నొప్పి మొదలైంది. ఆపరేషన్ చేయాల్సి రావచ్చు, వెంటనే తెనాలి తీసుకెళ్లమన్నాడు మా ఊరి డాక్టరు. స్టేషనుకు వెళ్లేసరికి రైలు సిద్ధంగా ఉంది. ఉత్తర దిక్కుకు ప్రయాణమైతే సూర్యనాడి ఆడాలి. తెనాలి మాకు ఉత్తరం. నాకేమో ఎడమ ముక్కు ఆడుతోంది.

ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే కుడి ముక్కు తెరుచుకుంటుందని శాస్త్రం. ప్లాట్‌ఫారం మీద తువ్వాలు పరిచి పడుకున్నాను.

"ఇదేంటండీ! బండి కదిలిపోద్ది, లేవండి!" అంది ఆవిడ కడుపు పట్టుకుని.

"ఐదు నిమిషాలాగు. నీ మంచికే," అన్నాను కళ్లు మూసుకుని.

జనం మూగారు. "గుండెపోటేమోరా! బాబాయ్, నువ్వు కాళ్లు పట్టు!" అంటూ నలుగురు నన్ను ఎత్తి రైలు పెట్టెలో బల్ల మీద పడుకోబెట్టారు. ఒక పెద్దాయన కండువాతో విసరసాగాడు.

"నొప్పి నాకండీ," అంది నా భార్య ఏడుస్తూ.

"భయానికి కడుపులో అట్టాగే ఉంటదమ్మా. మీ ఆయనకేం కాదులే," అని ఓదార్చింది ఒకామె.

అప్పుడైనా లేచి నిజం చెప్పొచ్చు. ముక్కు కోసం పడుకున్నానని అంతమందిలో చెప్పడానికి సిగ్గేసింది. తెనాలి దాకా పడుకునే ఉన్నాను. ఆవిడ తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడింది.

ఆస్పత్రిలోనూ మంచం మీద నన్నే పడుకోబెట్టారు. డాక్టరు స్టెతస్కోపు నా గుండెకు ఆనించి, "నొప్పెక్కడండి?" అన్నాడు.

"నాకు కాదండి. ఆవిడకి."

"మరి ఇంతసేపూ ఏం చేస్తున్నారండి? ముందు మంచం దిగండి!"

ఆపరేషన్ చేశారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు.

తర్వాత చుట్టాలు చూడ్డానికి వస్తే, "ఆయనే దగ్గరుండి తీసుకొచ్చారు," అని చెప్పేది ఆవిడ. నేను పక్కనే కూర్చుని, వాళ్లు ఆవిడకోసం తెచ్చిన బత్తాయిలు ఒలుచుకు తింటూ తలూపేవాణ్ణి.