అల్యూమినియం మరువదన్న ఉస్తాద్

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున తాండూరు నుంచి ఫోను వచ్చింది. మా ఉస్తాద్ ఇక లేడు. ఆయన నాకు చుట్టం కాదు, కారు మెకానిక్కు. కానీ ఇవాళ మా ఇంట్లో నలుగురం కలిసి అన్నం తింటున్నామంటే అది ఆయన చలవే.

నేనుండేది వికారాబాద్‌లో. తాండూరులో బండలు పాలిష్ చేసే యూనిట్ నడుపుతాను. మూడేళ్ల కిందట, వేగం పందేల కోసం తయారుచేసిన పాత కారొకటి ముచ్చటపడి కొన్నాను. ఇంజనులో పిస్టన్లను పట్టి ఉండే ఉక్కు కనెక్టింగ్ రాడ్లు తీసేసి, తేలికైన అల్యూమినియంవి వేశారు. కాలు ఆనిస్తే చాలు, బండి లేచిపోయేది. అనంతగిరి మలుపులు ఎక్కుతుంటే నాకు మళ్లీ ఇరవై ఏళ్లు వచ్చినట్టుండేది. రోజూ పనికి దాంట్లోనే పోయేవాణ్ణి.

ఆయిలు మార్పించడానికి తాండూరులో ఉస్తాద్ షెడ్డుకు వెళ్తే, రాడ్ల సంగతి విని ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"పందెంల ఉరికేటోనికి అవి మంచియే తమ్మీ. వాడు నాలుగు పందేలు కాంగనే ఇప్పి చూస్తడు, మారుస్తడు. నువ్వు దినాం నడుపుతవు. ఎన్నడన్న ఇప్పినవా?"

"మంచిగనే నడుస్తుంది గదా ఉస్తాద్."

"ఉక్కు మర్చిపోతది. అల్యూమినియం మరువదు. ఎన్నిసార్లు గుంజితే గన్నిసార్లు యాది పెట్టుకుంటది. ఒకనాడు పుటుక్కున ఇరుగుతది."

నవ్వి వచ్చేశాను. తర్వాత ఆయన ఎన్నిసార్లు ఫోను చేసినా ఏదో సాకు చెప్పాను. ఒక ఆదివారం జీపు, తాడు తీసుకుని ఏకంగా మా ఇంటికే వచ్చాడు. మర్నాడు పిల్లలతో కలిసి ఆ కారులోనే దౌల్తాబాద్‌లో పెళ్లికి పోవాలి మేము.

"అమ్మా, తాళంచెవి నాకియ్యి. ఇప్పి చూస్త. ఏం లేకుంటే మీ ఆయన ముందర చెవులు పట్టుకుంట," అన్నాడు నా భార్యతో.

ఆమె నా మొహం కూడా చూడకుండా ఇచ్చేసింది.

కారును తాడుతో జీపుకు కట్టి, నన్నూ వెంటబెట్టుకుని షెడ్డుకు లాక్కుపోయాడు. సాయంత్రానికి ఇంజను విప్పాడు. రాడ్లను కిరసనాయిలులో నానబెట్టి, తుడిచి, సుద్దపొడి చల్లాడు. మూడో రాడ్డు మీద వెంట్రుకంత సన్నటి తడి గీత తేలింది. పగులు.

"ఇది ఇరిగితే ఉస్తాద్?"

"ఇంజను గోడ పలగ్గొట్టుకోని బయటికొస్తది. ఆయిలంత టైర్ల కింద పడ్తది. అనంతగిరి ఘాటు రోడ్డు దిగేటప్పుడు గనక..."

నేను చెప్పలేదా అని దెప్పలేదు. "చాయ్ తాగు," అన్నాడంతే.

ఉక్కు రాడ్లు వేసి బండి ఇస్తూ మాత్రం ఒక మాటన్నాడు. "ఉరుకుడు తప్పు గాదు తమ్మీ. ఇప్పి చూడకపోవుడు తప్పు." నా ముచ్చటను ఆయన ఎన్నడూ చిన్న చేయలేదు. ఆ కారు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

దినాలు అయ్యాక షెడ్డుకు వెళ్లాను. తలుపులు తెరిచే ఉన్నాయి. డిగ్రీ చదువుకుంటూనే ఆయన దగ్గర పని నేర్చిన కూతురు ఎవరిదో ఇంజను బిగిస్తోంది. నన్ను చూసి తల ఊపి, మళ్లీ పనిలో పడింది. రెండు చేతులతో క్రాంకును మెల్లగా తిప్పుతోంది. ఆయిలు మెరుపుతో నాలుగు పిస్టన్లు, చప్పుడు లేకుండా, రెండు పైకి లేస్తున్నాయి, రెండు కిందికి దిగుతున్నాయి.