రాని వంతు

"బద్ధకమట తమ్ముడూ! నాకు బద్ధకమట. ఆ ముక్క టీచరమ్మ నా కూతురి నోటితోనే నాకు చెప్పించింది, చూశావా!"

పొడుగక్క పెడలు మీద కాలు ఆపకుండానే అంది. సూది కింద నీలిరంగు యూనిఫాం స్కర్టు అంచు గబగబా సాగిపోతోంది. జిప్పు ఊడిన సంచీ ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా స్టూలు మీద కూర్చున్న మనిషి ఆమెకు చుట్టమేమీ కాదు. ఓపిగ్గా వినే మగవాళ్ళందరూ ఆమెకు తమ్ముళ్ళే.

దుకాణమంటే మేడమెట్ల కింద మిగిలిన జాగా. మనిషేమో పొడుగు. లేచినప్పుడల్లా మెట్ల వాలుకు తల వంచాలి. ఏళ్ళ తరబడి అలా వంచీ వంచీ ఇప్పుడు ఆరుబయట కూడా వంగే నడుస్తుంది.

కూతురు తొమ్మిదో తరగతి. కిందటి వారం బడి నుంచి వస్తూనే పుస్తకాల సంచీ మూలకు విసిరి, "అమ్మా, ఇవాళ సోషల్ టీచర్ నన్ను మెచ్చుకున్నారు తెలుసా!" అంది. పేదవాళ్ళెందుకు పేదవాళ్ళుగా ఉండిపోతారు, కొందరు పైకెలా వస్తారు అన్నది పాఠం. టీచరు బోర్డు నిండా మెట్లు గీసి, అడుగు మెట్టు మీద ఇద్దరు ఆడపిల్లల బొమ్మలు వేసిందట. ఇద్దరిదీ ఒకే బెంచీ. పురుగులు ముసిరితే ఒకే దుప్పటి కింద దీపం పెట్టుకుని చదివి, ఓసారి ఆ దుప్పటికే నిప్పంటించుకున్నారట. ఒకమ్మాయి పై మెట్టుకు చేరింది. రెండో అమ్మాయి లెక్కల్లో ఫస్టు వచ్చేదైనా కిందే ఉండిపోయింది. ఎందుకు?

"ఎవ్వరూ నోరు మెదపలేదమ్మా. నేనే చెయ్యెత్తి, బద్ధకం టీచర్ అన్నాను. వెరీ గుడ్ అన్నారు. అందరిచేతా చప్పట్లు కొట్టించారు!"

పొడుగక్క చేతిలోని కత్తెర అలాగే ఆగిపోయింది. ఆ కాలిన దుప్పటికి మాసిక వేసింది ఆమె తల్లి.

ఆ టీచరును పొడుగక్క చిన్నప్పటినుంచీ పిలిచేది పొట్టి అని. తన తల్లి పోయాక, దిక్కులేక, పొట్టి పొడుగక్క ఇంట్లోనే పెరిగింది. ఆ ఇంటిని నడిపింది ఒక్క కుట్టుమిషను. పొడుగక్క తల్లికి చూపు మందగించాక దాని ముందు ఇద్దరిలో ఎవరో ఒకరు కూర్చోక తప్పలేదు. "ముందు నన్ను చదువుకు వెళ్ళనివ్వవే. ఊరికే కూర్చుని తింటున్నట్టుంది నాకు. ఉద్యోగం రాగానే ఇల్లు నేను చూసుకుంటా, నువ్వెళ్ళి చదువుకో. వంతులు" అంది పొట్టి. సరేనంది పొడుగక్క.

ఉద్యోగం వచ్చింది. కాస్త నిలదొక్కుకోనీ అంది పొట్టి. తర్వాత పెళ్ళి, ఆ తర్వాత పిల్లలు. పొడుగక్క వంతు మాత్రం రాలేదు. దానికి కూడా ఆమె ఏమీ అనుకోలేదు. "మనం ఒకింట్లో పెరిగామని పిల్లల దగ్గర అనకే, లోకువ కట్టేస్తారు" అని పొట్టి అడిగితే దానికీ తలూపింది. అందుకే కూతురికి ఆమె ఉత్త టీచరు, అమ్మ దగ్గర బట్టలు కుట్టించుకునే మనిషి.

పాఠం చెప్పిన రెండ్రోజులకే ఆ టీచరు జాకెట్టు పట్టుకుని దుకాణానికి వచ్చింది.

"ఒసేయ్ పొడుగూ, చేతులు కాస్త వదులు చెయ్యవే. చెయ్యెత్తితే పట్టేస్తోంది."

"బోర్డు మీద మెట్లు గీసేటప్పుడా?"

టీచరు ఒక్క క్షణం తడబడి నవ్వేసింది. "నీ కూతురు చెప్పిందా? గడుసుపిండం! టక్కున జవాబు చెప్పింది."

"ఏం చెప్పిందో గుర్తుందా?"

"నీ పేరెత్తలేదు కదే."

"ఎత్తినా బాగుండేది. నా కూతురు చెయ్యి దించుకునేది."

"పాఠం అలా ఉంది మరి! కష్టపడితే పైకొస్తారని చెప్పకపోతే ఆ పిల్లలకు ఇంకేం చెప్పను? ఒకళ్ళు ఎక్కాలంటే ఇంకొకళ్ళు వీపు వంచాలని చెప్పనా? రేపట్నుంచి సగంమంది బడికే రారు."

"చెప్పొద్దులే. వీపు వంచినదాన్ని బద్ధకమంటే మాత్రం వెరీ గుడ్ అంటావా?"

"క్లాసంతా చూస్తుంటే ఏమనమంటావే?"

"కాదమ్మా అనాలి. ఆ ఒక్క మాట రాలేదా నీకు?"

టీచరు మొహం ముడుచుకుంది. "ఎప్పటి మాటో ఇప్పుడు తవ్వుతావేం? నా వంతేదీ అని నువ్వు ఏనాడైనా అడిగావా?"

పొడుగక్క జాకెట్టు అందుకుంది. అడగకపోవడం తన మంచితనమని ఇన్నేళ్ళూ అనుకుంది. అదే అవతలి మనిషికి సాకయింది. టీచరు వెళ్ళిపోయాక ఆ జాకెట్టు చేతులు విప్పి వదులు చేసింది కూడా ఆమే.

"ఆ సంగతేదో పిల్లకు నువ్వే చెప్పొచ్చుగా అక్కా" అన్నాడు స్టూలు మీది మనిషి.

"నేను చెబితే అది సణుగుడవుతుంది నాయనా. టీచరు చెబితే పాఠం. అమ్మ సాకులు చెబుతోంది పాపం అనుకుంటుంది. పైకి అనదు, మంచి పిల్ల." పొడుగక్క మిషను ఆపింది. "నిన్న ఒళ్ళు అలిసి ఈ బల్ల మీద కాస్త తల వాల్చాను. పక్క నుంచి వెళ్తూ, ఏమ్మా బద్ధకమా అని నవ్వింది. ఉత్త హాస్యమే. అయినా నాకు అన్నం సయించలేదు. పొట్టి పైకెళ్ళిపోయిందని నేనెప్పుడూ ఏడవలేదు తమ్ముడూ. పోతూ పోతూ నా కూతుర్ని కూడా తన వైపుకు లాక్కుపోయింది, అదీ నా బాధ."

ఆమె స్కర్టు పక్కన పెట్టి, అతని సంచీ అందుకుని, జిప్పు కుట్టడం మొదలుపెట్టింది. దారం పళ్ళతో కొరికి, సంచీ అతని చేతికిచ్చింది.

"నువ్వెటూ పొట్టి వీధిలోంచేగా పోతావు? లోపలికి రమ్మంటుంది, కూర్చోకు. గడపలో నిలబడే చెప్పు. నన్ను బతిమాలుకోవడానికి ఇక్కడికి రావద్దను. ఆ క్లాసులోనే, ఆ పిల్లల ముందే మళ్ళీ ఆ మెట్లు గీసి, రెండో పిల్ల ఎందుకు ఆగిపోయిందో ఉన్నదున్నట్టు చెప్పమను. నా పేరు చెప్పక్కర్లేదు. నా కూతురు వింటే చాలు. వెళ్ళు నాయనా, ఈ వేళకు ఇంట్లోనే ఉంటుంది."