దయ్యాలు రాని మూల

తప్పులుంటే మన్నించండి, ఐదో తరగతితో బడి మానేసినదాన్ని.

ఇవాళ మా ఆయన ఫోనులో చుక్కలు తినే పసుపుపచ్చ నోరు కనబడింది. దయ్యాలు తరిమే ఆ ఆట మీరూ ఆడే ఉంటారు.

నా చిన్నప్పుడు మా ఊరు నగరిలో కరెంటు పోతే నాయన నడిపే మరమగ్గాలు ఆగేవి. నాయన నన్ను జనరేటరున్న ఆటల కొట్టుకు తీసుకుపోయి, పక్కన స్టూలు మీదే నిద్రపోయేవాడు. ఆట ముగిస్తే కొట్టాయన మమ్మల్ని లేపి పంపేసేవాడు. అందుకే దయ్యాలు రాని మూల వెతికి నోటిని అక్కడే నిలిపేదాన్ని.

"ఏం పాపా, తినేదానికి వచ్చినావా, దాక్కునేదానికా?" అనేవాడు కొట్టాయన.

"మెల్లగా అన్నా, నాయన పండుకోనుండాడు."

ఇప్పుడు మగ్గాల దగ్గర నిలబడేది నేను. ఇందాక కరెంటు పోయింది. నోటిని ఆ మూలకు చేర్చి ఫోను ఆయన చేతికిచ్చాను.

"దాన్ని కదిలించబాకండి. రవ్వంతసేపు పండుకుంటా."

మా అత్తమ్మకు మాత్రం చెప్పకండి.