నీళ్లు నిమ్మళించే దాకా

ఆ సినిమా కథ నాకు మొదటి నుంచి చివరి దాకా తెలుసు. అయినా మేడ్చల్ థియేటర్‌లో మా బాపు, అంటే మా నాన్న పక్కన కూర్చున్నప్పుడు నా అరచేతులకు చెమటలు పట్టాయి. ఆ భయం సినిమాది కాదు, అంతకు ముందుది.

ఆరేళ్ల కింద నేను కండ్లకోయలో ఇంజినీరింగ్ చదువుతుండగా టీవీలో ఒక సైన్స్ ఫిక్షన్ సీరియల్ వచ్చేది. మొదటి సీన్‌లో ఒక చెరువు. నీళ్లు కదలవు, మెదలవు. ఉన్నట్టుండి అందులోంచి ఒక మనిషి లేస్తాడు. ఎక్కడివాడో, ఏ కాలంవాడో అతనికే గుర్తులేదు. కాలేజీ బస్సులో అందరూ ఆ మనిషి గురించే కొట్టుకునేవాళ్లు. నేను మాత్రం కిటికీ పక్కన మహారాణిలా కూర్చునేదాన్ని. ఎందుకంటే నీళ్లలోంచి లేచిన ఆ వీపు మా బాపుది. హీరోకు ఈత రాదు. చిన్నప్పటి నుంచి శామీర్‌పేట చెరువులో వల వేస్తున్న మా బాపును డూప్‌గా పెట్టుకున్నారు.

ఆ షూటింగ్‌కు నేనూ వెళ్లాను. బాపు నీళ్లలోంచి లేవగానే ఆగలేక "బాపూ!" అని అరిచి షాట్ చెడగొట్టాను. అంతమంది ముందు నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. ఇక జన్మలో షూటింగ్‌లో నోరు తెరవనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

పోయిన ఏడాది ఆ సీరియల్ డైరెక్టర్ మళ్లీ ఫోన్ చేశాడు. సీరియల్‌కు ప్రీక్వెల్ తీస్తున్నాడట. ఆ మనిషి నీళ్లలోంచి రావడం కాదు, అసలు నీళ్లలోకి ఎలా వెళ్లాడన్న కథ. సీరియల్ చూడనివాళ్లకు కూడా అర్థమయ్యేటట్టు విడిగా నిలబడే సినిమా.

"కాకా ఇప్పుడు గూడ అంతసేపు నీళ్లల్ల ఉంటడా?" అని అడిగాడు.

"ఆఁ, మంచిగుంటడు. మునుపటి లెక్కనే ఉన్నడు" అన్నాను.

అబద్ధం. రెండేళ్ల కింద బాపుకు నిమోనియా వచ్చి ఆసుపత్రిలో పడుకుని లేచాడు. అప్పటి నుంచి మేడ మెట్లెక్కాలన్నా మధ్యలో ఒకసారి ఆగుతాడు. కథ వెనక్కి నడుస్తుంది గానీ మా బాపు ఊపిరి వెనక్కి నడవదు కదా. అది నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు, మా బాపు మళ్లీ తెర మీద కనిపించాలన్న పిచ్చి నాది. బాపు కూడా ఎగిరి గంతేశాడు. జుట్టుకు రంగేస్తుంటే అద్దం ముందు నుంచి లేవనే లేదు.

షూటింగ్ రోజు పొద్దున్నే అమ్మ నా చేతిలో రెండు గుండ్రాళ్లు పెట్టింది. "గివి సంచిల ఏస్కో" అంది.

ఆ రాళ్ల సంగతి చెప్పాలి. చెరువు అడుగున మొద్దులకు వల చిక్కుకుంటే బాపు మునిగి విడిపిస్తాడు. పైనుంచి ఎంత మొత్తుకున్నా కింద వినిపించదు. అందుకని తోడు వెళ్లిన అమ్మ రెండు రాళ్లు నీళ్లలో ముంచి ఒకదానికొకటి కొడుతుంది. మూడు దెబ్బలంటే ఇక చాలు, పైకి రమ్మని. ఆ చప్పుడు విన్నాక వల సగంలో ఉన్నా సరే వదిలేసి రావాలి. బాపు అమ్మ మాట ఎదురు చెప్పకుండా వినేది ఆ ఒక్కచోటే.

"తాడు గడ్తరే అమ్మా, రాళ్లెందుకు?" అన్నాను.

"తాడు వాళ్లది. రాళ్లు మనయి" అంది అమ్మ.

చెరువుకు అలియాబాద్ వైపు ఒడ్డున దిగేసరికి కెమెరాలు సిద్ధంగా ఉన్నాయి. డైరెక్టర్ బాపు భుజం మీద చెయ్యేసి చెప్పాడు. "కాకా, ఈసారి తాడు వద్దు. పైన డ్రోన్ తిరుగుతది, తాడు కనబడ్తది. కింద గుంజ పాతినం, దాన్ని పట్టుకొని కూసోండి. నీళ్లు నిమ్మళించే దాకా రావొద్దు. నేను కట్ అంటే మా ఈతగాళ్లు వచ్చి మిమ్మల్ని లేపుతరు."

నీళ్లు నిశ్చలంగా ఉన్న దగ్గర సినిమా ఆగాలట. సీరియల్ మొదలయ్యేది అక్కడే కదా.

నేను బాపు వైపు చూశాను. ఆయన నా వైపు చూడకుండా "అట్లనే సారూ" అన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. చెబితే నా అబద్ధం బయటపడుతుందని నోరు మూసుకున్నాను.

"సైలెన్స్" అన్నారు. బాపు నడుము లోతు, మెడ లోతు నడిచి మునిగిపోయాడు.

నేను లోపల్లోపల లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ముప్పై. నలభై. అంతకు ముందు వారం చెరువులో సాధన చేస్తూ అరవైకే పైకొచ్చి దగ్గుతూ కూలబడ్డాడు. అరవై. అలలు ఇంకా ఆగలేదు. ఒడ్డున అంతమంది ఉన్నా దోమ రెక్క చప్పుడు వినిపిస్తోంది. డెబ్బై. గుంజ దగ్గర బుడగలు వస్తున్నాయి. ఎనభై. బుడగలు ఆగిపోయాయి.

డైరెక్టర్ ముఖం చూశాను. మానిటర్‌లోకి చూసి సంబరంగా తలూపుతున్నాడు. నీళ్లు అతనికి కావలసినట్టు నిమ్మళిస్తున్నాయి మరి. ఈతగాళ్లు తుంగ చాటున అతని మాట కోసమే కూర్చున్నారు. అరవాలని ఉంది. మళ్లీ షాట్ చెడగొడితే? బాపు ఊరికే అక్కడ హాయిగా కూర్చుని ఉంటే? మా బాపు చచ్చిపోతున్నాడేమో తెలియని క్షణంలో కూడా నలుగురి తిట్లకు భయపడ్డాను. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నిజం అదే.

తొంభై. కాళ్లు వాటంతటవే కదిలాయి. సంచిలోంచి రాళ్లు తీసి, మోకాళ్ల మీద పడి, చేతులు రెండూ నీళ్లలో ముంచి కొట్టాను. ఒకటి. రెండు. మూడు.

ఏమీ కాలేదు. మళ్లీ కొట్టాను. వేళ్లు నలిగినా తెలియలేదు. అలలు గుంజ దాకా పోయాయి. వెనక ఎవరో నన్ను తిడుతున్నారు.

అప్పుడు బాపు తల లేచింది. రంగేసిన జుట్టు ముఖానికి అతుక్కుపోయి, నోరు తెరుచుకుని, ఊపిరి అందక చేతులతో నీళ్లను కొడుతున్నాడు. ఈతగాళ్లు పట్టుకొచ్చి ఒడ్డున పడుకోబెట్టారు. నాకు ఏడుపు ఆగలేదు. మాట రాగానే ఆయన అన్న మొదటి మాట, "ఎవలు కొట్టమన్నరు నిన్ను? మస్తు ఖరాబ్ జేసినవ్."

ఇంకోసారి దిగుతానన్నాడు. నేను డైరెక్టర్ ముందు నిలబడి ఉన్నదంతా కక్కేశాను, నిమోనియాతో సహా. అతని ముఖం పాలిపోయింది. ఇంకో టేక్ మాటెత్తలేదు.

తర్వాత నెలల తరబడి బాపుది ఊరంతా అదే పాట. "నాకు ఇంక ముప్పై లెక్కలుండె. గీ పిల్ల ఉత్త పుణ్యానికి పరేషానై ఆగం జేసింది." పెళ్లిళ్లలో, చేపల మార్కెట్లో, చివరికి కరెంటు బిల్లు కొట్టేవాడి ముందు కూడా. నేను నిజంగానే తొందరపడ్డానేమో అని నమ్మడం మొదలుపెట్టాను.

ఇప్పుడు థియేటర్‌లో ఆఖరి సీన్ వచ్చింది. మనిషి మునిగాడు. నీళ్లు నిమ్మళిస్తున్నాయి. హాలంతా నిశ్శబ్దం. ఇక్కడితో అయిపోతుందనుకున్నాను.

టక్. టక్. టక్.

నా రాళ్లే. నీళ్లలో వేలాడదీసిన మైకు పట్టుకుంది కాబోలు, డైరెక్టర్ తీసేయకుండా ఉంచాడు. ఎక్కడి నుంచో అలలు వచ్చి ఆ నిశ్చలాన్ని చెరిపేశాయి. వెనక సీట్లో ఒక పిల్లగాడు "అరే, ఎవడో పిలుస్తున్నడ్రా, అందుకే వాడు సీరియల్ల తిరిగొచ్చిండు" అన్నాడు.

నా పక్కన బాపు ఒక్కసారిగా గుండెల నిండా ఊపిరి పీల్చి సీటులోంచి సగం లేచాడు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. తెర మీద అక్షరాలు పడ్డాయి.

తర్వాత నా చెవి దగ్గరికి వంగాడు. "గా దినం లెక్క యాడ తప్పిందో ఎరుక లేదు బిడ్డా. సల్లగ నిద్రొచ్చినట్టయింది. మీ అమ్మ పిలుస్తాందనుకొని లేసిన."