ఐరిష్ వడ్లు

మా నాయన యుద్ధంలో స్ట్రెచర్లు మోశాడు. బర్మాలో ఆయన బ్రిగేడులో ఒక పటాలం మొత్తం ఐరిష్ వాళ్లదట. ఆళ్లగడ్డలో మా ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే చాలు, వాళ్ల మాటే. ఒకడు పాట బాగా పాడేవాడు, ఒకడు కాలికి తూటా తగిలి, తన బూట్లు నాయనకిచ్చి మరుసటిరోజే పోయాడు. నేను క్లాసులో ఫస్టొచ్చానంటే మాత్రం ‘ఊఁ’ అని ఊరుకునేవాడు. ఎన్నడూ చూడని ఆ సిపాయిలంటే నాకు కడుపుమంట.

ఒకసారి మా అవ్వ అడిగింది: “వాళ్లనేమని పిల్చేటోళ్లు నాయనా?”

“ప్యాడీ అని. ఎవర్ని పిల్చినా ప్యాడీనే.”

ఆ మాట బడిలో అప్పుడే నేర్చుకున్నాను. నాయన మెచ్చుకుంటాడని ముందుకు దూరాను. “ప్యాడీ అంటే వడ్లు అవ్వా.”

“పాపం, వడ్ల పేరు పెట్టుకున్న బిడ్డలు,” అంది అవ్వ. “కోతపండక్కి వాళ్ల పేరిట ఒక సంచి ఇద్దాం. ఈడ వాళ్లను తలుచుకునేటోళ్లు ఎవరుండారు?”

నాయన కళ్లు తుడుచుకున్నాడు. అది ఐరిష్ వాళ్లకు ఊరికే పెట్టిన ముద్దుపేరని, వడ్లకూ దానికీ సంబంధం లేదని ఆయనకు తెలిసే ఉంటుంది. చెప్పలేదు.

మా చర్చిలో కోతపండుగనాడు ఎవరి పంట వాళ్లు తెచ్చి, బిడ్డల పేర్లు అయ్యగారితో చదివించుకుంటారు. మా వంతు వచ్చేసరికి ‘ఐరిష్ ప్యాడీల పేరిట, వడ్లు ఒక సంచి’ అని చదివారు. బయటికి రాగానే ఒక రైతు నాయన చెయ్యి పట్టుకున్నాడు.

“ఐఆర్ ఎనిమిది రకం కంటే మేలాప్పా ఈ ఐరిష్ వడ్లు? విత్తనాలు యాడ దొరుకుతాండాయి?”

“ఇంక యాడా దొరకవన్నా,” అన్నాడు నాయన.

ఆ తర్వాత ఏటా అదే సంచి, అదే చదువు. మాట చెప్పింది నేను, పేరు వాళ్లది. సొమ్మొకరిది సోకొకరిది. ఒక ఏడు ఉండబట్టలేక అడిగేశాను.

“నాయనా, ఈసారి నా పేరు సదివించు.”

“నువ్వు బతికే ఉండావు గదమ్మా. నీకెందుకు?”

అయితే చస్తే గాని చదివించడా అని ఆ పూట అన్నం మానేశాను. ఎందుకు మానేశానో ఆయన అడగనూ లేదు.

ఎనభైల్లో నాకు నంద్యాలలో టీచరు ఉద్యోగం వచ్చింది. అవ్వ పోయాక నాయనను నా దగ్గరికే తెచ్చుకున్నాను. మెల్లగా మతి తప్పింది. నా పేరు మొదట పోయింది, తర్వాత నేనెవరో కూడా. అయినా కోతపండుగ రాగానే వడ్లు కొని, సంచి చంకనెత్తుకుని ఇంటికొచ్చాను. వాకిట్లో మంచం మీదున్న నాయన నన్ను చూసి లేచి కూర్చున్నాడు. ముఖం వెలిగిపోయింది. చిన్నప్పట్నుంచీ నేను కాచుకున్న ముఖం అదే.

“ప్యాడీ, వచ్చినావా? ఆడనే పోయినావనుకుంటి గదప్పా. కాలెట్లుంది?”

“నయమైంది,” అన్నాను.

నాయన నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చీకటి పడేదాకా వదల్లేదు. నేనూ లాక్కోలేదు. ఆ ప్యాడీ మీద కుళ్లుకుంటూనే కూర్చున్నాను.